ఎడిసన్ నుంచి ఒక్కరోజు ప్రయాణం: లోకల్ రైళ్ళా, ఆమ్‌ట్రాకా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్నలనూ, ఏడేళ్ళ, పదేళ్ళ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని మీ దంపతులు ఒక శనివారం ఫిలడెల్ఫియా, వీలైతే మరో శనివారం వాషింగ్టన్ చూసి అదే రాత్రికి న్యూజెర్సీలోని ఎడిసన్ తిరిగి చేరాలనుకుంటున్నారు. న్యూజెర్సీ ట్రాన్సిట్, ఫిలడెల్ఫియా ప్రాంతపు సెప్టా వంటి లోకల్ రైళ్ళు చవక అని ఒకరు, దూరపు నగరాల మధ్య నడిచే ఆమ్‌ట్రాక్ తప్ప మరొకటి పనికిరాదని ఇంకొకరు చెప్పడంతో ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. నాన్నగారికి 68, అమ్మగారికి 64 అని కూడా రాశారు. ఆ రెండు అంకెలకూ ఈ సమాధానంలో పని ఉంది.

ముందు సూటిగా చెబుతాను. న్యూయార్క్‌కైతే న్యూజెర్సీ ట్రాన్సిట్, వాషింగ్టన్‌కైతే ఆమ్‌ట్రాక్. ఈ రెండింటి విషయంలో ఆలోచించవలసింది పెద్దగా లేదు. ఫిలడెల్ఫియాకు మాత్రం పొద్దున ఆమ్‌ట్రాక్‌లో వెళ్ళి, సాయంత్రం లోకల్ రైళ్ళలో తిరిగి రండి. పంతొమ్మిదేళ్ళుగా ఈ ప్రాంతంలో ఉంటున్నాను, అందులో పదకొండేళ్ళు నెలవారీ పాసుతో రోజూ రైలెక్కినవాణ్ణి, ఏటా వేసవిలో ఇండియా నుంచి వచ్చే చుట్టాలను తిప్పినవాణ్ణి. చివరికి నాకు తేలినదేమిటంటే, ఒక్కరోజు ప్రయాణానికి రైలును వేగాన్నిబట్టో ధరనుబట్టో కాక తిరుగు ప్రయాణాన్నిబట్టి ఎంచుకోవాలి. పొద్దున ఇంట్లో ఎన్నింటికి బయలుదేరాలో మన చేతిలో ఉంటుంది. సాయంత్రం ఊళ్ళోనుంచి ఎన్నింటికి బయటపడతామో పిల్లల ఆకలి, పెద్దల మోకాళ్ళు, వాన, క్యూలు నిర్ణయిస్తాయి. సమయం ఖాయంగా తెలిసిన వైపుకు ముందే కొన్న టికెట్టు, తెలియని వైపుకు ఏ రైలుకైనా చెల్లే టికెట్టు ఉండాలన్నది నా పద్ధతి.

ఈ తేడా మీ నాన్నగారికి ఒక్క ముక్కలో చెప్పవచ్చు. మన దగ్గర పాసింజరు నడిపేదీ, పినాకిని నడిపేదీ ఒకే రైల్వే కాబట్టి తెనాలి స్టేషనులో ఒకే కిటికీ దగ్గర దేనికైనా టికెట్టు దొరుకుతుంది. ఇక్కడ ఒకే పట్టాల మీద వేర్వేరు సంస్థలు బండ్లు నడుపుతాయి. న్యూజెర్సీ ట్రాన్సిట్ టికెట్టు ఆమ్‌ట్రాక్‌లో చెల్లదు, ఆమ్‌ట్రాక్ టికెట్టు సెప్టాలో చెల్లదు. ఎడిసన్ పక్కనే ఉన్న మెట్రోపార్క్ స్టేషనులో రెండు రకాల బండ్లూ అవే ప్లాట్‌ఫారాల మీద ఆగుతాయి కనుక, ముందు వచ్చినదాన్ని ఎక్కేద్దామన్న అలవాటును పెద్దవాళ్ళు ఆ ఒక్కరోజుకు పక్కన పెట్టాలి.

ధరల సంగతి. లోకల్ రైలు చార్జీ దూరాన్నిబట్టి స్థిరంగా ఉంటుంది. వారం ముందు కొన్నా, రైలు వచ్చే అయిదు నిమిషాల ముందు కొన్నా అదే ధర, ఏ రైలైనా ఎక్కవచ్చు. ఆమ్‌ట్రాక్ చార్జీ విమానం టికెట్టు లాగా రోజురోజుకూ మారుతుంది. మెట్రోపార్క్ నుంచి ఫిలడెల్ఫియాకు నేను 20 డాలర్ల లోపు కొన్న రోజులున్నాయి, అలాంటి రైలుకే ప్రయాణం రోజు పొద్దున 60 డాలర్లు దాటిన ధర చూసిన రోజులూ ఉన్నాయి. అందుచేత ఆమ్‌ట్రాక్ ఖరీదా, చవకా అన్న ప్రశ్నకు తేదీ తెలియకుండా సమాధానం లేదు. మూడు వారాల ముందు కొంటే మీ ఆరుగురికీ పొద్దుటి ప్రయాణం లోకల్‌తో పోల్చదగిన ఖర్చులోనే రావచ్చు.

మీ కుటుంబం విషయంలో రాయితీలు లెక్కను గట్టిగానే మారుస్తాయి. న్యూజెర్సీ ట్రాన్సిట్‌లో శుక్రవారం సాయంత్రం 7 నుంచి సోమవారం ఉదయం 6 వరకు, టికెట్టు కొన్న ఒక్కొక్క పెద్దవారితో 11 ఏళ్ళూ అంతకు తక్కువ వయసున్న పిల్లలు ఇద్దరేసి ఉచితంగా ప్రయాణించవచ్చు. మీ పిల్లలిద్దరికీ శనివారం ఆ భాగంలో చార్జీ లేనట్టే. 62 ఏళ్ళు నిండినవారికి అక్కడ తగ్గింపు చార్జీ ఉంది కాబట్టి అమ్మగారికీ నాన్నగారికీ ఇద్దరికీ వర్తిస్తుంది; వయసు తెలిపే గుర్తింపు పత్రం దగ్గర ఉంచుకోండి. ఆమ్‌ట్రాక్‌లో వృద్ధుల తగ్గింపు 65 నుంచి మొదలవుతుంది, అదీ పది శాతమే. అంటే నాన్నగారికి వస్తుంది, అమ్మగారికి రాదు. 2 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు ఆమ్‌ట్రాక్‌లో సగం చార్జీ. సెప్టాలో వృద్ధుల ఉచిత ప్రయాణం పెన్సిల్వేనియా నివాసులకు ఉద్దేశించినది కనుక, సందర్శకులుగా వచ్చినవారికి పూర్తి చార్జీ అవుతుందనే లెక్క వేసుకోండి.

ఇక ఫిలడెల్ఫియా. మెట్రోపార్క్ నుంచి ఆమ్‌ట్రాక్ నార్త్ఈస్ట్ రీజినల్ గానీ, కీస్టోన్ గానీ సుమారు గంటలో 30వ వీధి స్టేషనుకు చేరుస్తుంది. ఆమ్‌ట్రాక్‌లోనే ఇంకా వేగంగా వెళ్ళే అసేలా రైలు కోసం ఎదురుచూడవద్దు, ఇంత తక్కువ దూరానికి అది మిగిల్చే నిమిషాలు దాని ధరకు తగవు. లోకల్ మార్గంలో న్యూజెర్సీ ట్రాన్సిట్ బండి ట్రెంటన్ వరకు ముప్పావు గంట దాటి పడుతుంది, అక్కడ దిగి సెప్టా బండి ఎక్కితే ఫిలడెల్ఫియాకు మరో యాభై నిమిషాలు. మధ్యలో నిరీక్షణ కలుపుకుంటే రెండు గంటలు, కొన్నిసార్లు అంతకు మించి అవుతుంది. సెప్టా ట్రెంటన్ బండ్లు స్థూలంగా గంటకొకటి, వారాంతంలో ఇంకా అరుదుగా ఉండే వేళలూ ఉంటాయి. మొదటి బండి పది నిమిషాలు ఆలస్యమైనంత మాత్రాన రెండవది మన కోసం ఆగదు. పొద్దున తాజాగా ఉన్న వేళలో ఆ గంటను ట్రెంటన్ ప్లాట్‌ఫారం మీద పోగొట్టుకోవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆమ్‌ట్రాక్ 30వ వీధి దగ్గర ఆగిపోతుంది. సెప్టా బండి ఆ స్టేషను దాటి, 1984లో తెరిచిన సొరంగంలోంచి నగరం నడిబొడ్డుకు వెళ్ళి సబర్బన్, జెఫర్సన్ స్టేషన్లలో ఆగుతుంది. మీరు చూడబోయే, అమెరికా స్వాతంత్ర్య చరిత్రకు గుర్తులైన లిబర్టీ బెల్ గంట, ఇండిపెండెన్స్ హాల్ భవనం రెండూ జెఫర్సన్ స్టేషనుకు పావుగంట నడక లోపే ఉన్నాయి. 30వ వీధి నుంచి నడవాలంటే రెండు మైళ్ళు. అక్కడ దిగినవారు మార్కెట్ వీధి కింద నడిచే మెట్రో ఎక్కి 5వ వీధి స్టేషనులో దిగాలి. కాబట్టి ఆమ్‌ట్రాక్ మిగిల్చిన గంటలో పావుగంటో, ఇరవై నిమిషాలో ఈ మెట్రో మార్పిడికి పోతాయని ముందే తెలుసుకోండి. అయినా పొద్దుటి పూట లాభం ఆమ్‌ట్రాక్‌దే.

సాయంత్రం ఇదే జెఫర్సన్ స్టేషను మీకు అనుకూలంగా మారుతుంది. దానికి ఆనుకునే 1893 నాటి రీడింగ్ టెర్మినల్ మార్కెట్ ఉంది. ఒకప్పటి రైల్వే షెడ్డు కింద పెట్టిన సంత అది. మాంసం తినని పెద్దవారికి కూడా పండ్లు, రొట్టెలు, ఐస్‌క్రీము దొరుకుతాయి. దుకాణాలు సాయంత్రానికే కట్టేస్తారు కాబట్టి మరీ ఆలస్యం చేయవద్దు. అక్కడ ఏదైనా తిని, తీరిక చూసుకుని కిందికి దిగి ట్రెంటన్ బండి ఎక్కవచ్చు. ఆ బండి జెఫర్సన్, సబర్బన్, 30వ వీధి వరుసలో వస్తుంది కనుక జెఫర్సన్‌లో ఎక్కినవారికి ఆరుగురికీ దగ్గర దగ్గరగా సీట్లు దొరికే అవకాశం ఎక్కువ. 30వ వీధిలో ఎక్కేవారికి మిగిలినవే గతి.

తిరుగు టికెట్టు విషయంలో నా మొండితనానికి కారణమైన అనుభవం చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మా అత్తమామలతో ఫిలడెల్ఫియా వెళ్ళినప్పుడు, రెండు వైపులా ముందే కొంటే చవక అన్న సంబరంలో సాయంత్రం అయిదు దాటాక బయలుదేరే ఆమ్‌ట్రాక్‌కు తిరుగు టికెట్లు కొన్నాను. మధ్యాహ్నం వాన పట్టుకుంది. లిబర్టీ బెల్ చూడడానికి టికెట్టు అక్కరలేదు గానీ భద్రతా తనిఖీ ఉంటుంది, ఆ వరుస వానలో నత్తనడక నడిచింది. మామగారు తడిసిన చెప్పులతో వేగంగా నడవలేకపోయారు. మెట్రోలో ఎటువైపు మెట్లు దిగాలో నేనే పొరబడ్డాను. 30వ వీధి స్టేషనులో మేము పైకి వచ్చేసరికి మా రైలు వెళ్ళి నాలుగు నిమిషాలైంది. తప్పు పూర్తిగా నాదే. తరువాతి రైలుకు అప్పటికప్పుడు కొన్న టికెట్లకు పొద్దుటి ధరకు మూడింతలు పెట్టాను. ఆ డబ్బుకన్నా ఎక్కువగా బాధించింది, తనవల్లే ఆలస్యమైందని ఆ పెద్దాయన ఇంటికి చేరేదాకా మాట్లాడకుండా కూర్చోవడం.

ఆమ్‌ట్రాక్‌లో వెళ్ళే టికెట్టునూ, వచ్చే టికెట్టునూ రెండు వేర్వేరు రిజర్వేషన్లుగా కొనండి. ఒకే రిజర్వేషనులో రెండూ ఉన్నప్పుడు మొదటి రైలు ఎక్కకపోతే, మిగిలిన ప్రయాణం కూడా రద్దయిపోతుంది. పొద్దున ఏ కారణం చేతనో ఆ రైలు తప్పి కారులోనో లోకల్‌లోనో వెళ్ళి, సాయంత్రం టికెట్టు ఉంది కదా అని ధీమాగా స్టేషనుకు వచ్చి భంగపడినవారిని నేను ఎరుగుదును. మార్చుకోవాలన్నా, రద్దు చేసుకోవాలన్నా రైలు బయలుదేరక ముందే చేసుకోవాలి.

పొద్దున ఆమ్‌ట్రాక్, సాయంత్రం లోకల్ అనుకున్నప్పుడు కారును ఎడిసన్ స్టేషనులో కాక మెట్రోపార్క్‌లో నిలపండి. ఆమ్‌ట్రాక్ ఎడిసన్‌లో ఆగదు, న్యూజెర్సీ ట్రాన్సిట్‌లో కూడా కొన్ని ఎక్స్‌ప్రెస్ బండ్లు ఎడిసన్‌ను వదిలేసి వెళ్ళిపోతాయి. మెట్రోపార్క్‌లో రెండూ ఆగుతాయి. చిన్న విషయమే గానీ, రాత్రి తొమ్మిదింటికి నిద్రపోతున్న పిల్లవాణ్ణి భుజాన వేసుకుని, కారు మరో స్టేషనులో ఉందని గుర్తుకొచ్చిన వారికి దాని విలువ తెలుస్తుంది.

నా సలహాకు ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది, దాన్ని తేలికగా తీసుకోవద్దు. సెప్టా రైళ్ళలో మరుగుదొడ్లు ఉండవు. ఆమ్‌ట్రాక్‌లో ఉంటాయి, న్యూజెర్సీ ట్రాన్సిట్ బండ్లలోనూ సాధారణంగా బండి మొత్తానికి ఒకటి రెండు ఉంటాయి, కానీ ఏ పెట్టెలో ఉందో వెతుక్కోవాలి. నాన్నగారికి మధుమేహమో, ప్రోస్టేట్ ఇబ్బందో ఉండి గంటకొకసారి వెళ్ళవలసి వస్తే, యాభై నిమిషాల సెప్టా ప్రయాణం ఆయనకు శిక్ష. మన పెద్దలు ఈ సంగతి నోరు తెరిచి చెప్పరు. పొద్దుటినుంచి నీళ్ళు తాగడం మానేసి కూర్చుంటారు, ఎండలో తిరిగే రోజున అది మరింత ప్రమాదం. మీరే ముందుగా, పిల్లల ఎదుట కాకుండా, అడగండి. అలాంటి అవసరం ఉన్నదని తెలిస్తే రెండు వైపులా ఆమ్‌ట్రాకే తీసుకోండి, కానీ తిరుగు రైలును మీరు అనుకున్న సమయానికి గంటన్నర తరువాతదిగా ఎంచుకోండి. ఆ గంటన్నర వృథా కాదు. 30వ వీధి స్టేషను 1930లలో కట్టిన పెద్ద భవనం. ఎత్తయిన పైకప్పు, పొడుగాటి బల్లలు, తినడానికి దుకాణాలు ఉన్నాయి. పెద్దవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు.

ఆమ్‌ట్రాక్ సీట్ల గురించి ఒక మాట. రిజర్వేషను అంటే సీటు తప్పక ఉంటుందనే హామీ మాత్రమే. నార్త్ఈస్ట్ రీజినల్, కీస్టోన్ మామూలు తరగతిలో ఫలానా సీటు మీదని రాసి ఉండదు. న్యూయార్క్‌లో ఎక్కినవారు అప్పటికే కిటికీల పక్కన సర్దుకుని ఉంటారు కాబట్టి మెట్రోపార్క్‌లో ఎక్కే ఆరుగురికి ఒకేచోట దొరకడం కష్టం. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరే విద్య ఇక్కడ చెల్లదు. అమ్మగారి పక్కన ఒక పిల్ల, నాన్నగారి పక్కన ఒక పిల్లవాడు అని ముందే జతలు చెప్పి ఉంచండి, ఆ తరువాత ఎవరికి ఎక్కడ దొరికితే అక్కడ. క్వయట్ కారు అని రాసి ఉన్న పెట్టెలోకి మాత్రం వెళ్ళకండి. తెనాలికి వీడియో కాల్ చేసి రైలు చూపించాలన్న ముచ్చట అక్కడ తీరదు.

వాషింగ్టన్ విషయంలో లోకల్ రైళ్ళ ఆలోచనే పెట్టుకోవద్దని ఎందుకన్నానంటే, ఆ గొలుసులో ఒక కొక్కెం లేదు. సెప్టా దక్షిణాన డెలవేర్ రాష్ట్రంలోని న్యూఆర్క్ వరకు వెళుతుంది. వాషింగ్టన్ నుంచి ఉత్తరానికి వచ్చే మార్క్ అనే లోకల్ రైళ్ళు మేరీలాండ్‌లోని పెర్రీవిల్ దగ్గర ఆగిపోతాయి, అదీ సోమవారం నుంచి శుక్రవారం వరకే. ఈ రెండింటి నడుమ ఇరవై మైళ్ళ పైచిలుకు దూరానికి లోకల్ రైలు లేదు. రైళ్ళ పిచ్చి ఉన్న కుర్రవాళ్ళు ఆ ఖాళీని బస్సులతో పూడ్చుకుని వెళ్ళి గొప్పగా చెప్పుకుంటారు, అమ్మానాన్నలతో చేసే పని కాదు. ఆమ్‌ట్రాక్‌లో మెట్రోపార్క్ నుంచి వాషింగ్టన్ యూనియన్ స్టేషనుకు సుమారు మూడు గంటలు. అక్కడ దిగితే కాపిటల్ భవనం నడిచి వెళ్ళే దూరంలోనే ఉంటుంది, స్మిత్సోనియన్ మ్యూజియంలకు ప్రవేశ రుసుము లేదు. పది గంటలకు మ్యూజియం తలుపులు తెరిచే వేళకు చేరాలంటే ఆరు, ఆరున్నర రైలు పట్టుకోవాలి. చాలా మ్యూజియంలు అయిదున్నరకు మూసేస్తారు కనుక ఏడు గంటల ప్రాంతపు తిరుగు రైలు సరిపోతుంది. ఫిలడెల్ఫియాలో సాయంత్రం అనిశ్చితమన్నాను కానీ వాషింగ్టన్‌లో మ్యూజియంవారే మనల్ని బయటికి పంపిస్తారు, కాబట్టి ఇక్కడ తిరుగు టికెట్టు ముందే కొనడానికి నాకు అభ్యంతరం లేదు. విమానాల మ్యూజియానికి మాత్రం సమయం వేసిన ఉచిత పాసు ముందుగా తీసుకోవాలి. పిల్లలు అదే అడుగుతారు.

అయితే లోకల్ అంటే నత్త అనుకోకండి. బాల్టిమోర్, వాషింగ్టన్ నడుమ తిరిగే మార్క్ పెన్ లైను బండ్లు గంటకు 125 మైళ్ళ వేగం దాకా వెళతాయి. శని, ఆదివారాల్లోనూ నడుస్తాయి, ఆమ్‌ట్రాక్ దిగే యూనియన్ స్టేషనులోనే దింపుతాయి. మీ బంధువులెవరైనా బాల్టిమోర్‌లో ఉండి అక్కడి నుంచి ఒక్కరోజుకు వాషింగ్టన్ చూడాలనుకుంటే, వారికి నేను రెండో ఆలోచన లేకుండా లోకల్‌నే చెబుతాను. దూరం తక్కువై, బండి నేరుగా వెళ్ళి, టికెట్టు ఏ రైలుకైనా చెల్లేటప్పుడు ఆమ్‌ట్రాక్ అదనంగా ఇచ్చేదేమీ మిగలదు.

న్యూయార్క్ కథా అంతే. మెట్రోపార్క్ నుంచి న్యూజెర్సీ ట్రాన్సిట్ నలభై నిమిషాల పైన, ఆమ్‌ట్రాక్ దానికి ఓ పది నిమిషాలు తక్కువ, రెండూ చేరేది ఒకే పెన్ స్టేషనుకు. ఇక్కడ జాగ్రత్త పడవలసింది పేర్ల దగ్గర. దారిలో న్యూవర్క్ పెన్ స్టేషను వస్తుంది, ఆ తరువాత న్యూయార్క్ పెన్ స్టేషను. కండక్టరు గబగబా చెప్పినప్పుడు కొత్త చెవులకు రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. మా అత్తగారు ఒకసారి సంచి తీసుకుని న్యూవర్క్‌లో తలుపు దగ్గరికి వెళ్ళిపోయారు. నది కింద సొరంగం దాటి చీకటి వచ్చి పోయాకే దిగాలని అప్పటినుంచీ మా ఇంటి గుర్తు. ఆమ్‌ట్రాక్‌లో టికెట్టు కొనేటప్పుడు కూడా న్యూవర్క్ (Newark) పేరుతో న్యూజెర్సీలో ఒకటి, డెలవేర్‌లో ఒకటి స్పెల్లింగు తేడా లేకుండా కనిపిస్తాయి, రాష్ట్రం చూసి నొక్కండి.

రైళ్ళు నిలిచిపోతే ఏమిటి అని మీరు అడగలేదు గానీ వేసవిలో వెళుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఈ మార్గంలో విద్యుత్ తీగల వ్యవస్థ చాలావరకు 1930లలో వేసినది, హడ్సన్ నది కింద సొరంగాలు 1910 నాటివి. ఎండలు ముదిరిన రోజుల్లో తీగలకు ఇబ్బంది వస్తే ఆమ్‌ట్రాకూ, న్యూజెర్సీ ట్రాన్సిటూ కలిసే ఆగుతాయి, ఎందుకంటే పట్టాలూ తీగలూ రెండింటికీ ఉమ్మడి. ఎక్కువ డబ్బు పెడితే ఈ బెడద తప్పుతుందనుకోవడం భ్రమ. బయలుదేరేముందు రెండు సంస్థల యాప్‌లూ ఒకసారి చూసుకోండి. న్యూజెర్సీ ట్రాన్సిట్ టికెట్టును యాప్‌లో కొన్నంత మాత్రాన సరిపోదు, రైలెక్కే ముందు దాన్ని యాక్టివేట్ చేయాలి. మిషన్ ఉన్న స్టేషనులో టికెట్టు కొనకుండా ఎక్కి కండక్టరు దగ్గర కొంటే ఒక్కొక్కరికి 5 డాలర్లు అదనం, వృద్ధులకు ఆ అదనం లేదు.

ఆరుగురు పట్టే వ్యాను మీకు ఉంటే, డబ్బు ఒక్కటే లెక్కయితే, ఫిలడెల్ఫియాకు కారే చవక. మీ అమ్మగారికి అమెరికా రైలు ఎక్కాలని ఉందని రాశారు కాబట్టి ఆ వాదన పొడిగించను. మధ్యేమార్గం కావాలంటే, దక్షిణ న్యూజెర్సీలో 295 రహదారి పక్కన వుడ్‌క్రెస్ట్ స్టేషనులో కారు నిలిపి పాట్కో అనే లోకల్ రైలు ఎక్కితే, మార్పిడి లేకుండా ఫిలడెల్ఫియా 8వ వీధిలో, ఇండిపెండెన్స్ హాల్‌కు కూతవేటు దూరంలో దిగవచ్చు. బండ్లు తరచుగా ఉంటాయి, బెంజమిన్ ఫ్రాంక్లిన్ వంతెన మీదుగా డెలవేర్ నది దాటుతాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలతో నేను ఈమధ్య వెళుతున్నది ఈ దారినే.

మీరు ఈ వారంలోనే చేయవలసిన పని ఒకటి. ఇండిపెండెన్స్ హాల్‌కు ఏడాదిలో ఎక్కువ నెలలు సమయం వేసిన టికెట్టు కావాలి. ముందు దాన్ని పదకొండు, పదకొండున్నర ప్రాంతానికి తీసుకోండి, ఆ సమయానికి రెండు గంటల ముందు 30వ వీధికి చేరే ఆమ్‌ట్రాక్ ఏదో చూసి అప్పుడు రైలు టికెట్టు కొనండి. మొదట రైలు కొని తరువాత హాల్ టికెట్టు కోసం వెతికితే, మధ్యాహ్నం మూడింటి సమయం దొరికి, పొద్దున తొమ్మిదింటికే దిగిన పిల్లలతో ఆరు గంటలు గడపవలసి వస్తుంది.